నవల డిక్టేషన్, దిద్దుబాటు, పుస్తకాల అమ్మకం పని: రోజులో ఎలా సర్దుకోవాలి?

కొత్తనవల_గుంటూరు

రెండో నవల నడుస్తోంది. చేత్తో రాయడం తగ్గించి ల్యాప్‌టాప్‌లో గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్ వాడుతున్నాను. మొదటి నవల సొంతంగా వేసుకున్నది కాబట్టి షాపులకు కాపీలు పంపడం, లెక్కలు, పోస్టు పని కూడా నాదే. తెల్లవారుజామున గంటన్నర, మధ్యాహ్నం రెండు గంటలు, రాత్రి ఓ గంట దొరుకుతాయి. మూడు పనులూ రోజూ చేయాలా, రోజులు పంచుకోవాలా?

ఇంకో సంగతి. తెలుగులో చెబుతుంటే చుక్కలు, కామాలు పడటం లేదు, పేరా మారడం లేదు. పాత్రల చేత గుంటూరు మాట పలికిస్తే అది పుస్తకాల భాషలోకి మార్చేస్తోంది. చెప్పడానికి పట్టిన టైముకు రెండింతలు దిద్దడానికి పోతోంది. ఈ పద్ధతిలో రాసేవాళ్లు, డీటీపీ (కంప్యూటర్లో అచ్చుకు పేజీలు కట్టే పని) వైపు తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కాలవగట్టు

తెల్లవారుజాము గంటన్నర డిక్టేషన్‌కే ఉంచేయండి. ఆ టైములో దిద్దుబాటు పెట్టుకోవద్దు, ఫోన్ కూడా చూడొద్దు. ఆరున్నర దాటితే ఆటోలు, మోటార్లు, కుక్కర్ విజిళ్లు అన్నీ మైకులోకి వచ్చేస్తాయి.

ముందు పది నిమిషాలు సీను చీటీ రాసుకోండి. సీనులో ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఎవరికి ఏం కావాలి, ఏ మాట దగ్గర ఆపాలి. నాలుగు లైన్లు చాలు. చీటీ లేకుండా మొదలుపెడితే నోరు ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది. ఆ తిరిగినదంతా మధ్యాహ్నం కొట్టేసుకోవాల్సి వస్తుంది. తర్వాత ఇరవై నిమిషాలు చెప్పి, ఐదు నిమిషాలు ఆగి గోరువెచ్చని నీళ్లు తాగి, మళ్లీ ఇరవై నిమిషాలు చెప్పండి. తడబాట్లు పోను పదిహేను వందల మాటల దాకా వస్తాయి. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) పుస్తకంలో అది ఆరేడు పేజీలు. అంతకు మించి లాగితే గొంతు బరువెక్కుతుంది, పలుకు మందగించి తప్పులు పెరుగుతాయి.

చుక్కలు, కామాల సంగతి: డాక్స్‌లో నోటితో విరామ చిహ్నాలు పెట్టే సదుపాయం ఇంగ్లిష్, ఫ్రెంచ్ లాంటి కొన్ని భాషలకే ఉంది, తెలుగుకు లేదు. అందుకని గుర్తు మాటలు పెట్టుకోవాలి. మీ నవలలో ఎక్కడా రాని మాట కావాలి, మెషీన్ ఎప్పుడూ ఒకే స్పెల్లింగుతో పట్టే మాట కావాలి. కూరగాయల పేర్లు బాగా పనికొస్తాయి. పేరా మారడానికి ‘గుమ్మడికాయ’, సంభాషణ మొదలైందనడానికి ‘దొండకాయ’ అనుకోండి. ముందు ఓ పది వాక్యాల్లో పలికి చూసి, ప్రతిసారీ ఒకేలా పడితేనే ఖాయం చేసుకోండి. వర్డ్‌లోకి తెచ్చాక ఫైండ్ అండ్ రీప్లేస్‌లో గుమ్మడికాయకు ముందూ వెనకా ఉన్న స్పేసు కూడా కలిపి వెతికి, రీప్లేస్ గడిలో క్యారెట్ గుర్తు (^), దాని పక్కన ఇంగ్లిష్ చిన్న పి (p) కొడితే పేరా విడిపోతుంది. చుక్కకు మాత్రం గుర్తు మాట వద్దు. ప్రతి వాక్యం చివరా అది పలుకుతుంటే కథ తెగిపోతుంది. తెలుగు వాక్యం ఎక్కువగా క్రియతోనే ముగుస్తుంది కాబట్టి దిద్దేటప్పుడు చుక్క కంటితో పెట్టుకుంటూ పోవచ్చు.

మైకు వైరున్న ఇయర్‌ఫోన్‌దే మంచిది. బ్లూటూత్‌ది మైకుగా పనిచేసేటప్పుడు శబ్దం నాణ్యత పడిపోతుంది. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెడితే ఊపిరి కొట్టదు. మన ఎండల్లో ఫ్యాను ఆపమని ఎవరికీ చెప్పలేం గానీ, ఫ్యాను కింద కాకుండా గది మూలకు కూర్చోండి. ఇంకో ట్యాబ్‌లోకి వెళ్తే వాయిస్ టైపింగ్ ఆగిపోతుంది, అదీ చూసుకోండి.

ప్రూఫురీడర్_గవర్నర్‌పేట

పై సలహాకు ఒకటి కలుపుతాను. ల్యాప్‌టాప్‌లో చెబుతూనే పక్కన ఫోన్‌లో రికార్డరు ఆన్ చేసి పెట్టండి. మెషీన్ ఏదో వింత మాట కొడితే అసలు ఏమన్నారో తెలియడానికి అదే ఆధారం. రెండూ ఒకే ఫోన్‌లో పెట్టొద్దు. ఆండ్రాయిడ్ మామూలుగా ఒక యాప్‌కే మైకు ఇస్తుంది, రెండోదానికి నిశ్శబ్దమే రికార్డవుతుంది.

దిద్దుబాటు రెండు రకాలు, రెంటినీ కలిపేస్తేనే టైము రెండింతలవుతోంది. మొదటిది వినికిడి తప్పులు తీయడం. ల, ళ తేడా, న, ణ తేడా, ఒత్తులు, దీర్ఘాలు, మనుషుల పేర్లు, అంకెలుగా మారిపోయిన మాటలు. ఇది అదే రోజు మధ్యాహ్నం, ఏమన్నారో గుర్తుండగానే చేయాలి. వాక్యం అందం జోలికి వెళ్లొద్దు. పదిహేను వందల మాటలకు ముప్పావు గంట గడువు పెట్టుకోండి. రెండోది శైలి దిద్దుబాటు. కనీసం నాలుగు రోజులు పక్కన పెట్టి, పద్నాలుగు పాయింట్ల అక్షరంతో, లైన్ల మధ్య ఎడం ఇచ్చి ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో చేయండి. నోటితో చెప్పిన రాతలో ‘అప్పుడు’, ‘అయితే’, ‘ఇంక’ పేరాకు మూడేసి చేరతాయి. సంభాషణ సాగిపోతుంది, చుట్టూ ఉన్న స్థలం కనపడదు. కొట్టేయడం ఒక్కటే చేస్తే సరిపోదు, చూపు అందేలా వర్ణన కలపాలి కూడా.

యాసకు ఒక పట్టిక రాసుకోండి: ‘ఏమిటి’ పడితే ‘ఏంది’, ‘ఎలా’ పడితే ‘ఎట్టా’, ‘వస్తున్నా’ పడితే ‘వస్తన్నా’. ‘రీప్లేస్ ఆల్’ మాత్రం నొక్కొద్దు. కథకుడి వాక్యాలూ, ఆ యాస లేని పాత్రల మాటలూ మారిపోతాయి. ఒక్కొక్కటీ చూసి మార్చండి.

ప్రెస్సు వైపు నుంచి ఒక హెచ్చరిక. మీ ఫైలు యూనికోడ్, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నిటిలో ఒకేలా కనపడే అక్షర పద్ధతి. విజయవాడలో ఇంకా చాలామంది డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్‌లో పాత పద్ధతి అను ఫాంట్లతోనే పేజీలు కడతారు. యూనికోడ్ నుంచి వాటిలోకి మార్చేటప్పుడు కొన్ని మాటలు చెడతాయి. ‘బ్యాంక్‌లో’ అన్నది ‘బ్యాంక్లో’ అయి కూర్చుంటుంది. వాయిస్ టైపింగ్‌లో కూడా ఇదే జరుగుతుంది. అందుకే ఫస్ట్ ప్రూఫు వచ్చాక ఇంగ్లిష్ మాటల మీద తెలుగు ప్రత్యయం పడిన చోట్లన్నీ వేరుగా చూడండి. ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్లు దొరికితే యూనికోడ్‌లోనే ఉంచొచ్చు. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ (భారతీయ లిపులను సరిగా కూర్చే సెట్టింగు) పెట్టమని అడగండి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. సవరణలు ఫోన్‌లో చెప్పొద్దు. పేజీ, లైను, తప్పు, ఒప్పు అని నాలుగు గడుల కాగితం ఇవ్వండి.

పుస్తకాలపద్దు

వ్యాపారం పని రోజూ వద్దు. వారానికి రెండు మధ్యాహ్నాలు చాలు. మంగళవారం షాపులు, శుక్రవారం పోస్టు, లెక్కలు అనుకోండి. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకు పదకొండు తర్వాత ఫోన్ చేస్తే తీరిగ్గా మాట్లాడతారు. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం తప్పుల దిద్దుబాటు రాత్రి గంటలోకి జరపండి. డిక్టేషన్ మాత్రం కదపొద్దు.

కాపీలు ఇచ్చేటప్పుడు రెండు ప్రతుల చలానా రాయండి. తేదీ, కాపీలు, ధర, కమీషన్, లెక్క చూసే గడువు వేసి, మీ ప్రతి మీద షాపు స్టాంపు, సంతకం తీసుకోండి. తొంభై రోజులకోసారి అమ్మినవి, మిగిలినవి, పాడైనవి మూడూ వేరువేరుగా రాయించుకోండి. డబ్బు దగ్గర గొడవ వచ్చేదెప్పుడంటే మిగిలినవి ఎన్నో ఇద్దరికీ తెలియనప్పుడే. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు కాబట్టి బిల్లులో అది వేయక్కర్లేదు. ప్రచురణకర్త ఇచ్చే రాయల్టీ వేరు, మీరు సొంతంగా వేసి అమ్ముకున్న డబ్బు వేరు. పన్ను లెక్క ఒకటి కాదు కాబట్టి పద్దులో రెండు పేజీలు పెట్టి ఆడిటర్‌కి చూపించండి.

పోస్టు ఖర్చు పుస్తకం వేయకముందే చూసుకోవాల్సింది. 2025 మే 1 నుంచి పుస్తకాలు తక్కువ ధరకు పంపే తపాలా సేవ జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, గరిష్ఠంగా 5 కిలోలకు 100, పన్ను అదనం. విద్య, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన పుస్తకాలకు ఉద్దేశించింది. పుస్తకం మీద ప్రింటరు లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి. 208 పేజీల డెమ్మీ పుస్తకం 70 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం మీద, 300 జీఎస్‌ఎమ్ అట్టతో దాదాపు 240 గ్రాములు తూగుతుంది, కవరు కలిపినా 300 దాటదు. అదే 80 జీఎస్‌ఎమ్ అయితే అంచుకు వస్తుంది. పేజీలు పదహారు గుణిజంలో ఉండేలా చూసుకోండి. పదహారు పేజీలు ఒక ఫారం, 208 అంటే సరిగ్గా పదమూడు ఫారాలు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. వెనక అట్ట మీద బార్‌కోడ్ రావాలి కాబట్టి అట్ట డిజైను కంటే ముందే దరఖాస్తు పెట్టండి. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి అందాలంటే అక్టోబరులోపే ఫైలు డీటీపీకి వెళ్లాలి. ఏడాది చివర ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలతో నిండిపోతాయి.

కొత్తనవల_గుంటూరు

చాలా ఉపయోగపడిందండీ. ‘బ్యాంక్‌లో’ లాంటి మాట వర్డ్‌లో నేనే విడదీయాలంటే ఎలా?

ప్రూఫురీడర్_గవర్నర్‌పేట

పొల్లు అక్షరం (ఇక్కడ ‘క్’) తర్వాత కర్సర్ పెట్టండి. 200, దాని పక్కనే ఇంగ్లిష్ సి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఆ అంకెలు పోయి కనపడని విడదీత గుర్తు పడుతుంది. దాన్ని కాపీ చేసుకుని మిగతా చోట్ల పేస్టు చేసుకోవచ్చు. ‘బ్యాంకులో’ అని రాస్తే అసలు ఆ తలనొప్పే ఉండదు, మన వైపు పలికేదీ అదే.