వేసవి కలయికలో రాస్ప్‌బెర్రీ జామ్: ఎవరెవరు ఏం చేస్తారు?

సమన్వయం: అందరికీ నమస్కారం. సియాటెల్ చుట్టుపక్కల జూలైలో రాస్ప్‌బెర్రీలు బాగా దొరుకుతాయి కాబట్టి ఈసారి జామ్ పెడదాం. పొద్దున్నే కార్నేషన్ ఊరి వైపు పొలంలో కోసుకొచ్చి, మధ్యాహ్నం హాలు వంటగదిలో వండటం. 20 కుటుంబాలు, ఇంటికి రెండు అరపింట్ (దాదాపు ఒక కప్పు పట్టే) సీసాలు. అమ్మకం ఆలోచన వద్దు, పర్మిట్ల తతంగం మనకెందుకు? సరుకులు ఎవరు చూస్తారు?

సరుకులు: నేను చూస్తాను. ఒక వాయికి నలిపిన పండు 5 కప్పులు, పంచదార 7 కప్పులు, జామ్ గట్టిపడటానికి వేసే పెక్టిన్ పొడి ఒక పెట్టె. దాదాపు 8 సీసాలొస్తాయి. మొత్తం అయిదు వాయిలు, పంచదార 7 కిలోలు. పళ్ళు 20 పౌండ్లు కోస్తే చెడ్డవి ఏరేసినా సరిపోతాయి. లోతైన బకెట్లు తేవద్దు, అడుగువి చితికిపోతాయి. పల్చటి ట్రేలు తెండి.

రవాణా: అయిదు వాయిలెందుకు అక్కా, మన సాంబారు గిన్నెలో ఒక్కసారే పడేస్తే గంటలో అయిపోతుంది కదా?

వంట: వద్దు తమ్ముడూ. అంత సరుకు మరిగేసరికి చాలా సేపు పడుతుంది, ఈలోగా పెక్టిన్ పట్టు పోతుంది, చివరికి పాకంలా జారుతుంది. వాయి వాయికీ విడిగానే. పండులో పెక్టిన్ కలిపి పెద్ద మంట మీద పెట్టాలి. గరిటెతో తిప్పుతున్నా పొంగు అణగకుండా ఉడుకుతున్నప్పుడు పంచదార మొత్తం ఒకేసారి పోయాలి. మళ్ళీ అలాగే పొంగాక సరిగ్గా ఒక నిమిషం, అంతే. ఫోన్లో టైమర్ పెట్టుకునే మనిషి ఒకరు కావాలి, కబుర్లు చెప్పని మనిషైతే మరీ మంచిది. సాంబారు గిన్నె మాత్రం తప్పకుండా తే. అడుగున జాలీ వేసి, జామ్ నింపి మూత పెట్టిన సీసాల మీద అంగుళం నీళ్ళు నిలిచేలా 10 నిమిషాలు మరిగించాలి.

పిల్లల బృందం: మా అత్తయ్యగారు వేడి జామ్ పోసి సీసా బోర్లిస్తే చాలంటున్నారు.

వంట: ఇదివరకు అలాగే చేసేవాళ్ళు వదినా. ఇప్పుడు ఆ పద్ధతి వద్దంటున్నారు, మూత సరిగా పట్టకపోతే బూజొస్తుంది. పైన పావు అంగుళం ఖాళీ వదిలి, అంచు తడిగుడ్డతో తుడిచి మూత పెట్టాలి. మర్నాడు మూత నడిమి నొక్కి చూడండి. టక్కుమంటే ఆ సీసా ఫ్రిజ్‌లోకి.

పిల్లల బృందం: ఆవిడకి షుగర్ కూడా. పంచదార సగం వేస్తే?

వంట: మామూలు పెక్టిన్ గట్టిపడాలంటే అంత పంచదారా పడాల్సిందే. తక్కువ పంచదారకని వేరే పెక్టిన్ అమ్ముతారు, ఒక వాయి దానితో చేద్దాం, కొలతలు ఆ పెట్టె మీదివే. అయినా పండులో తీపి ఉండనే ఉంటుంది, ఆవిడకి చెంచా లెక్కన ఇవ్వండి.

స్వాగతం: జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందా? మేం తినం.

సరుకులు: ఉండదండీ. పెక్టిన్ నిమ్మజాతి తొక్కలు, ఆపిల్ పిప్పి నుంచి తీస్తారు.

పిల్లల బృందం: అయితే పళ్ళు నలపడం మా పిల్లలకి వదిలెయ్యండి. పొయ్యి దగ్గరికి రానివ్వం. నురుగు తీసి పక్కన పెడితే బ్రెడ్డుతో వాళ్ళే ఖాళీ చేస్తారు. పప్పుగుత్తులు నా దగ్గర రెండే ఉన్నాయి, ఇంకో నాలుగు కావాలి.

రవాణా: మూడు నావి. సాంబారు గిన్నెతో పాటే తెస్తాను.