వెనకొచ్చిన విమానాన్ని ముందు పంపడం న్యాయమేనా?

గోదారిగట్టు:
మొన్న సాయంత్రం రాజమండ్రి వెళ్లే ఏటీఆర్ (రెక్కలకి పంకాలుండే చిన్న విమానం) ఎక్కాను. ఏ ఎయిర్‌పోర్టు నుంచో చెప్పను, పెద్దదే. రన్‌వే దాకా వెళ్లి పక్కన ఆగాం. నాది కిటికీ సీటు. మా తర్వాత వచ్చిన జెట్ ఒకటి అవతలి టాక్సీవే (రన్‌వేకి వెళ్లే దారి) నుంచి రన్‌వే ఎక్కి ఎగిరిపోయింది. కాసేపటికి ఇంకోటి. మూడోది కూడా పోయాక మా వంతు వచ్చింది. గడియారం చూసుకున్నా, 22 నిమిషాలు. పక్క సీటాయన "చిన్న బండి కదండీ, పెద్ద బండ్లకి దారివ్వాల్సిందే" అని నవ్వేశారు. రేషన్ షాపులో వరస తప్పితేనే ఊరుకోం. ఇక్కడ ఎవర్ని అడగాలి?

పాత టవర్:
టవర్‌లో విమానాలకి దారిచ్చే కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను, కాబట్టి తిట్లు నాకే ఇవ్వండి. మేం డాక్ 4444 అని పిలుచుకునే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పుస్తకంలో ఉన్న మాట ఇది: సిద్ధమైన వరసలోనే మామూలుగా పంపాలి, కానీ తక్కువ సగటు ఆలస్యంతో ఎక్కువ విమానాలు బయటపడతాయంటే వరస మార్చొచ్చు. కాబట్టి అది రేషన్ క్యూ కాదు.

ఎందుకు మారుస్తామంటే, ఎగిరాక పైకెక్కేటప్పుడు ఏటీఆర్ వేగం సుమారు 170 నాట్లు, అంటే గంటకి అన్ని నాటికల్ మైళ్లు. జెట్ 10,000 అడుగుల లోపు 250 దాకా పోతుంది. తేడా 80, అంటే నిమిషానికి మైలుంపావు పైనే. రాడార్ మీద మాకు సాధారణంగా కనీసం 3 నాటికల్ మైళ్ల ఎడం ఉండాలి. మీ వెనక అదే దారిలో జెట్‌ని 5 మైళ్ల ఎడంతో వదిలినా, అది వేగం అందుకున్న నిమిషంన్నరకి ఆ 3 మైళ్ల గీత దగ్గరికొచ్చేస్తుంది. జెట్‌ని ముందు వదిలితే ఎడం దానంతటదే పెరుగుతూ పోతుంది, నాకు ఆ టెన్షన్ లేదు. ఇక దారులు ఎగిరిన వెంటనే 45 డిగ్రీలైనా విడిపోతుంటే నిమిషానికొకటి వదలొచ్చు. అందుకే ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి, పేకముక్కలు కలిపినట్టు కలుపుతాం.

లెక్కల మాస్టారు:
సగటు అన్నారు కాబట్టి నేనూ లెక్కే వేస్తా. ఒక ఏటీఆర్, రెండు జెట్లు, ముగ్గురిదీ ఒకే దారి. జెట్ వెనక ఏది పోయినా 2 నిమిషాలు, ఏటీఆర్ వెనక జెట్‌కి 4 అనుకుందాం. ఏటీఆర్ ముందు పోతే మొదటి జెట్ 4, రెండోది 6 నిమిషాలు ఆగుతుంది. మొత్తం 10. జెట్లు ముందు పోతే రెండో జెట్ 2, ఏటీఆర్ 4. మొత్తం 6. బాగుంది, నాలుగు నిమిషాలు మిగిలాయి. కానీ ఆగినవాళ్లలో ఎక్కువసేపు ఆగింది ఎవరు? ఏటీఆర్ వాళ్లే. రేపూ వాళ్లే, ఎల్లుండీ వాళ్లే. కడప, రాజమండ్రి వెళ్లేవాళ్ల నష్టం ఆ సగటులో కనబడదు.

కుడి సీటు:
ఏటీఆర్ ఫస్టాఫీసర్ని, అంటే కో-పైలట్‌ని. మాస్టారూ, ప్రతిసారీ మేమే ఓడిపోం. మాకు రన్‌వే మొత్తం అక్కర్లేదు. మధ్య టాక్సీవే నుంచి ఎక్కించి, ఎగిరిన వెంటనే పక్కకి తిప్పేస్తారు, వెనక జెట్ నేరుగా పోతుంది. అలా పెద్దవాటిని దాటుకుని పోయిన రోజులు బోలెడు. కిటికీలోంచి చూసి అప్పుడు ఎవరూ పోస్టు పెట్టరు!

తిప్పే వీలు లేనప్పుడే చిక్కు. పక్కన ఎయిర్‌ఫోర్స్ ఏరియా ఉంటే తిప్పరు. 777 లాంటి హెవీ (బాగా బరువైన పెద్ద విమానం) ముందు పోతే దాని రెక్కల సుడిగాలి తగ్గేదాకా మామూలుగా 2 నిమిషాలు ఆగాలి. మధ్యనుంచి ఎక్కితే 3. అడ్డదారి కాస్తా చుట్టుదారి అవుతుంది.

బాంద్రా బాబాయ్:
అసలు జబ్బు వదిలేసి వరస గురించి కొట్టుకుంటున్నారు. మా ముంబైలో రెండు రన్‌వేలూ అడ్డంగా కోసుకుంటాయి, కాబట్టి ఉన్నది ఒక్కటే అనుకోండి. రద్దీ గంటల్లో గంటకి 46 విమానాలు నడిపేవారు. ఆకాశంలో చక్కర్లు కొట్టీ కొట్టీ ఇంధనం తగలబడుతోందని 2024 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని 44కి తగ్గించింది. లండన్ గాట్విక్ ఒక్క రన్‌వే మీద 55 చేస్తుంది కదా అంటారు. ఎడం బిగించడం అంత తేలికైతే 2024 జూన్ 8 జరిగేది కాదు. ఆ రోజు ఇక్కడ ఒక విమానం ఇంకా టేకాఫ్ పరుగులో ఉండగానే వెనక ఇంకోటి దిగింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ కంట్రోలర్‌ని డ్యూటీ నుంచి తప్పించింది. స్లాట్లు (విమానాలకిచ్చే టైములు) అంచుదాకా నింపేది ఒకరు, కుర్చీ పోయేది ఇంకొకరిది.

గోదారిగట్టు:
సరే, వేగం సంగతి అర్థమైంది. పాత టవర్ గారూ, ఒకే విమానాన్ని ఎన్నిసార్లు దాటించొచ్చో హద్దేమైనా ఉందా?

పాత టవర్:
నేను కుర్చీలో ఉంటే మూడోసారి దాటించేవాణ్ణి కాదు. రూలు కాదండీ, నా అలవాటు.

లెక్కల మాస్టారు:
ఆ అలవాటునే రూలుగా రాస్తే ఏం పోయింది?

పాత టవర్:
మీ వెనక ముంబై వెళ్లే విమానం ఉందనుకోండి. అక్కడ రద్దీ కాబట్టి ఇక్కడ ఎప్పుడు ఎగరాలో దానికి ముందే టైమిచ్చారు. ఆ టైము దాటడానికి 3 నిమిషాలుంది. దాటితే మళ్లీ కొత్త టైము, ఎంతసేపటికో. మీ రూలు ప్రకారం నేను దాన్ని ఆపెయ్యాలి. లోపల 180 మంది. చెప్పండి, ఆపమంటారా?

గోదారిగట్టు:
ఇందులో సగం ఆ రోజు మైకులో చెప్పుంటే నేను ఈ పోస్టే పెట్టేవాణ్ణి కాదు.

కుడి సీటు:
ఆ టైములో టవర్ ఎప్పుడు పిలుస్తుందా అని చెవులు రేడియోకే అప్పగించి కూర్చుంటాం సార్. అయినా 22 నిమిషాలంటే చెప్పాల్సిందే, మావాళ్లదే తప్పు.

లెక్కల మాస్టారు:
మైకులో చెబితే కోపం తగ్గుతుంది. ఆ నాలుగు నిమిషాలు ఎవరి ఖాతాలో పడుతున్నాయో మాత్రం మారదు.