కోవిడ్ డ్యూటీలతో రీసెర్చ్ ఆగిపోయింది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే అండి. వైజాగ్‌లో నెఫ్రాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఉద్దానం కిడ్నీ పేషెంట్ల మీద చిన్న స్టడీ పెట్టుకున్నాను, ఆర్నెల్లకోసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రీడింగు) చూడాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి రైళ్లు ఆగేసరికి కవిటి, సోంపేట వైపు వాళ్లు రావడం మానేశారు, ఆ తర్వాత సెకండ్ వేవ్, నన్ను కోవిడ్ వార్డుకేసేశారు, ఇప్పుడేమో 2021 నీట్ పీజీ (డాక్టర్ల పీజీ ఎంట్రన్స్) సెప్టెంబర్ 11కి వెళ్లిపోయింది కాబట్టి కొత్త పీజీలూ ఇప్పట్లో రారు, ఇంట్లో చంటిపిల్ల. గ్రాంటు గడువు ఏడాది పెంచారు గానీ ఆ ఏడాదీ డ్యూటీలే అయితే ఏం లాభం? పోయిన రీడింగుల సంగతేంటి?

జవాబు 1: ఏదైనా కోవిడ్ మల్టీసెంటర్ ట్రయల్లో చేరిపోండి మేడమ్. కోలుకున్నవాళ్ల ప్లాస్మా ఎక్కించడం మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన ప్లాసిడ్ ట్రయల్ 39 ఆసుపత్రుల్లో 464 మందితో నెలల్లో అయిపోయింది కదా.

జవాబు 2: అది మంచి ట్రయలే సార్, కాదనను, కానీ అందులో పదుల మంది పేర్ల మధ్య మన పేరుంటే ఉద్దానం ప్రశ్న ఎవరు చూస్తారు?
మేడమ్, పోయిన విజిట్‌ని ఖాళీగానే ఉంచండి, అటూ ఇటూ రీడింగులు చూసి మధ్యలో అంకె వేసేయకండి. ఎందుకు రాలేదో మాత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రాయించండి, బస్సు లేకా, కోవిడ్ భయమా, చనిపోయారా. చనిపోయినవాళ్లని ‘రాలేదు’లో కలిపేస్తే జబ్బు ఉన్నదానికన్నా నెమ్మదిగా ముదురుతున్నట్టు కనిపిస్తుంది. ఊళ్లో చేయించుకున్న రిపోర్టు వాడొచ్చు గానీ క్రియాటినిన్ కొలిచింది జాఫే మెథడ్‌తోనా ఎంజైమాటిక్ మెథడ్‌తోనా అడగండి, లేకపోతే ల్యాబు తేడా కాస్తా జబ్బు తేడా అయి కూర్చుంటుంది. ఈ మార్పులన్నీ ముందు ఎథిక్స్ కమిటీకి రాయండి.
ఇక గడువంటారా, మీకు కావాల్సింది పనిచేసే మనిషి. అమెరికాలో డోరిస్ డ్యూక్ ఫౌండేషన్ 2015లో ఇదే మొదలుపెట్టింది, పిల్లల్నో పెద్దవాళ్లనో చూసుకోవాల్సొచ్చిన డాక్టర్ రీసెర్చర్లకి అసిస్టెంట్ల ఖర్చు ఇచ్చింది, కోవిడ్‌కి మళ్లీ విడిగా ఫండ్ పెట్టారు. మీ ట్రావెల్ డబ్బు మిగిలుంటుంది కదా, దాన్ని పలాస వైపు ఫీల్డ్ వర్కర్ జీతానికి మార్చమని గ్రాంటు ఇచ్చినవాళ్లకి లెటర్ పెట్టండి. అలాగే వారంలో ఒకరోజు రీసెర్చ్‌కి అని హెచ్ఓడీ గారి చేత ఆర్డర్ రాయించుకోండి. నోటి మాట మాత్రం నమ్మకండి, రోస్టర్ వాళ్ల మొదటి ఫోన్‌కే ఎగిరిపోద్ది.

ప్రశ్న అడిగినవారు: థాంక్యూ సార్. ట్రావెల్ డబ్బు దాదాపు అలాగే ఉంది, ఇది తట్టనేలేదు. బడ్జెట్ హెడ్ (ఖర్చు పద్దు) మార్చమని రాసే లెటర్ ఫార్మాట్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టరా ప్లీజ్, సోమవారం హెచ్ఓడీ గార్ని కలుస్తున్నాను.