హెలికాప్టర్ రోటర్‌ను డిస్క్‌గా లెక్కిస్తే సరిపోతుందా?

గాలిమర:
హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిచినప్పుడు, రోటర్ గాలి బాడీని కిందికి నొక్కే బలం (డౌన్‌లోడ్) లెక్కకి రోటర్‌ను పలుచటి డిస్క్ అనుకుంటే చాలు. సాయంత్రానికి జవాబు వస్తుంది. ఒక్కో బ్లేడునూ మెష్‌లో (గాలిని చిన్న గళ్లుగా విడగొట్టిన కంప్యూటర్ లెక్కలో) తిప్పితే వారాలు పడుతుంది. ఎందుకీ పట్టుదల?

తోకచుక్క:
డిస్క్ ఇచ్చేది సగటు. బ్లాక్ హాక్ హెలికాప్టర్‌కు నాలుగు బ్లేడులు, నిమిషానికి 258 చుట్లు. అంటే బాడీకి సెకనుకు 17 సార్లు దెబ్బ. అవి మీ సగటులో ఎక్కడున్నాయి? బ్లేడు కొసన పుట్టే సుడి బాడీకి తగిలినచోట పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. డిస్క్‌లో ఆ సుడే లేదు.

గాలిమర:
నేనడిగింది డౌన్‌లోడ్, మీరు చెప్పేది వైబ్రేషన్. రెక్కల చివర రోటర్లుండే ఆస్ప్రే వి-22లో హోవర్‌లో రెక్కల మీద పడే గాలికి థ్రస్ట్‌లో (రోటర్లు పైకెత్తే బలంలో) దాదాపు పదో వంతు పోతుంది. అది సగటే కదండీ.

పటం:
నాసా పరీక్షల నమూనా హెలికాప్టర్ బాడీ, రాబిన్‌తో పోల్చారా? 3.15 మీటర్ల రోటర్ కింద బాడీ పీడనాలు కొలిచి నాసా 1979లోనే ఇచ్చింది.

గాలిమర:
పోల్చాను. ముక్కు వైపు బాగా కలిసింది.

తోకచుక్క:
తోక వైపు?

గాలిమర:
బ్లేడులు కలిసే హబ్ వెనక గాలి చెదిరిపోతుంది. అక్కడ ఎవరి లెక్కైనా కష్టమే.

తోకచుక్క:
ఈ మాటే మా ప్రాజెక్టులోనూ విన్నాను. డిస్క్ లెక్క చూసి తోక ప్యానెల్ పలుచన చేశారు. బ్లేడు బ్లేడుగా లెక్కించాలని నేను రాసిన నోటు ఫైల్లోనే ఉండిపోయింది. ఎగిరాక పగుళ్లు వచ్చాయి. రాత్రంతా హ్యాంగర్‌లో రివెట్లు ఊడదీసింది మేమే.

గాలిమర:
మీ కోపం మీ పైవాళ్ల మీద. డిస్క్ ఏం చేసింది?

పటం:
ఇద్దరూ కాస్త నిదానించండి.

తోకచుక్క:
డిస్క్‌తో మొదలుపెట్టడం తప్పనలేదు. అక్కడే సంతకం పెట్టేయడం తప్పంటున్నాను.

గాలిమర:
తోక ఎక్కడ ఉండాలో మొదట్లోనే చెప్పాలి మరి! బ్లాక్ హాక్ తొలి నమూనా వైయూహెచ్-60కి తక్కువ వేగంలో రోటర్ గాలి తోక దగ్గరి అడ్డపలక మీద పడి ముక్కు పైకి లేచేది. చివరికి ఆ పలకను కదిలే స్టెబిలేటర్‌గా మార్చారు. అపాచీ హెలికాప్టర్ 1975లో టీ ఆకారపు తోకతో ఎగిరింది, తర్వాత పలకను కిందికి దించారు. రెండూ ఎగిరాకే బయటపడ్డాయి. కఠినమైన లెక్క కోసం కూర్చుంటే మనకూ అదే గతి.

తోకచుక్క:
ముందే తెలిసిపోతుందన్న ఆ నమ్మకమే నాకు లేదు. హోవర్ నుంచి ముందుకు కదిలేటప్పుడు రోటర్ గాలి వెనక్కి వాలుతూ తోకను దాటిపోతుంది. అది ఏ వేగంలో, ఏ ఎత్తులో తగులుతుందో విండ్ టన్నెల్‌లో (నమూనా మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగంలో) చూడందే నేను ఒప్పుకోను.

గాలిమర:
టన్నెల్ దొరికేసరికి డ్రాయింగులు అయిపోతాయి.

తోకచుక్క:
అయితే పలక బిగించే చోటు రెండు మూడు ఎత్తుల్లో ఉంచి గీయండి. దానికైతే ఈరోజే సంతకం పెడతాను.