ఔలి – గోర్సన్ దారిలో మార్చి చివరి మంచు: వెళ్లి వచ్చినవారు చెప్పగలరు

లంకవాసి (అమలాపురం):
మార్చి చివరి వారంలో ఉత్తరాఖండ్‌లోని ఔలి నుంచి, దాని పైనున్న పచ్చిక మైదానం గోర్సన్ బుగ్యాల్ వరకు స్నోషూలతో (మంచులో దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి చట్రాలతో) నడవాలని నలుగురం అనుకుంటున్నాము. ఇద్దరికి స్కీలు కొంత అలవాటు. అప్పటికి మంచు నిలిచి ఉంటుందా, ఉంటే ఏ స్థితిలో ఉంటుంది?

గట్టుదారి (భీమవరం):
లంకవాసి గారూ, ఆ రోజుల్లో ఏ తేదీన వెళ్లారన్నదానికంటే ఏ గంటకు మంచుమీద కాలు పెట్టారన్నదే ముఖ్యం. రాత్రి గడ్డకట్టి తెల్లవారుజామున రాయిలా ఉండే మంచు, ఎండెక్కిన కొద్దీ పైనుంచి మెత్తబడుతూ, మధ్యాహ్నానికి మోకాలి లోతున దిగబడేంతగా తడిసిపోతుంది. మేము వెళ్లినప్పుడు ఎండ తగిలే వాలుల్లో గడ్డి బయటపడింది. ఉత్తరం వైపు వాలుల్లోనూ, ఓక్ చెట్ల నీడలోనూ, 3,000 మీటర్లు దాటాక పచ్చిక మైదానంలోని పల్లాల్లోనూ మాత్రం మంచు మిగిలి ఉంది. అందువల్ల కొంత దూరం స్నోషూలు వీపున మోయవలసి వచ్చింది.

స్కీల సంగతి వేరు. మరీ పొద్దున్నే వెళితే గట్టి మంచులో స్కీ అంచు పట్టదు, ఆలస్యమైతే కూరుకుపోతుంది. పైపొర వేలెడు మందాన మెత్తబడి, కింద ఇంకా గట్టిగా ఉండే ఆ కొద్దిసేపే హాయిగా జారవచ్చు. ఆ సమయం కోసం కాచుకుని ఉండడం విలువైన పని అని నా గట్టి నమ్మకం.

గోదారి మలుపు (రావులపాలెం):
పై మాటలతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేరుస్తున్నాను. బండరాళ్ల చుట్టూ, చెట్ల మొదళ్ల దగ్గర, వాగుల మీద మంచు లోపలినుంచి కరిగి డొల్లగా ఉంటుంది. నీరు దించిన రొయ్యల చెరువులో పైన ఎండిన పొరను నమ్మి అడుగు వేస్తే ఏమవుతుందో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. కర్రను గట్టిగా గుచ్చి చూసిన తరువాతే వాగు దాటండి.

తీరవాసిని (నరసాపురం):
సముద్రమట్టానికి దగ్గరలో నివసించే మనం ఔలికి దిగువన సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న జోషీమఠ్ పట్టణంలో కనీసం ఒక రాత్రి ఆగి పైకి వెళ్లడం మంచిది. 2023 జనవరిలో అక్కడ నేల కుంగినప్పుడు అక్కడినుంచి ఔలికి వెళ్లే రోప్‌వేను ఆపివేశారు కనుక, ఔలికి రోడ్డు ప్రయాణాన్నే లెక్కలో పెట్టుకోండి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను దాదాపు 80 శాతం వరకు వెనక్కి పంపుతుంది కాబట్టి నల్లద్దాలు లేకుండా బయలుదేరవద్దు.

లంకవాసి (అమలాపురం):
అందరికీ కృతజ్ఞతలు. మేము వెళ్లే ముందురోజే కొత్తగా మంచు పడితే?

గట్టుదారి (భీమవరం):
అక్కడి మంచు చాలావరకు మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడుల వల్ల పడేది. మార్చి, ఏప్రిల్‌లలో కూడా అవి వస్తాయి. అలా పడిన మంచు ఎండకు తడిసి బరువెక్కినప్పుడు, ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో, పెళ్లలుగా జారిపడే ప్రమాదం ఉంది. ఒకటి రెండు రోజులు ఆగి, స్థానిక గైడును అడిగి, అప్పటికీ తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నంలోగా ఔలికి దిగి రండి. రాత్రంతా మబ్బు పట్టి మంచు గడ్డకట్టకపోతే ఆ రోజు పైకి వెళ్లవద్దు.