అప్‌డేట్: ఈవెంట్లు రెండేసి పడే గొడవ తీరింది

మొన్న అడిగాను కదా, మా ఆండ్రాయిడ్ యాప్ అనలిటిక్స్‌కి కస్టమర్ ఎంగేజ్‌మెంట్ ప్లగిన్ (యూజర్లకి మెసేజ్‌లు పంపే టూల్‌తో యాప్‌ని కలిపేది) తగిలించాక ప్రతి ఈవెంటూ (యూజర్ యాప్‌లో చేసే ఒక్కో పని) డాష్‌బోర్డులో రెండుసార్లు పడుతోందని, పుష్ నోటిఫికేషన్లేమో అసలు రావట్లేదని. రెండూ తేలాయి, తప్పు నాదే.

ప్లగిన్ ఫోన్ నుంచి నేరుగా పంపుతోంది, అదే ఈవెంట్‌ని సర్వర్ వైపు ఉన్న పాత కనెక్షన్ కూడా పంపుతోంది, దాన్ని ఆపడం మర్చిపోయాను. ఆపేసి టెస్ట్ ఫోన్‌లో 'కార్ట్‌లో వేయి' ఒకసారి నొక్కితే ఒక్కటే పడింది. హమ్మయ్య!

పుష్ సంగతి ఇంకా చిత్రం. మానిఫెస్ట్‌లో (యాప్‌లో ఏమేం ఉన్నాయో ఆండ్రాయిడ్‌కి చెప్పే ఫైలు) ఫైర్‌బేస్ మెసేజింగ్ (పుష్‌లు ఫోన్‌కి చేర్చే గూగుల్ సేవ) మెసేజ్‌లు అందుకునే సర్వీసులు రెండున్నాయి, ఒకటి నేను ఎప్పుడో రాసింది, ఇంకోటి ప్లగిన్‌ది. మెసేజ్ మాత్రం ఒక్కదానికే వెళ్తుంది, నాది దాన్ని అందుకుని లాగ్‌లో ఓ లైను రాసి ఊరుకుంటోంది. ఇప్పుడు నా సర్వీసే మెసేజ్‌నీ, కొత్త టోకెన్‌నీ (పుష్ ఏ ఫోన్‌కి వెళ్లాలో చెప్పే గుర్తు) ప్లగిన్‌కి అందిస్తోంది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి యూజర్ పర్మిషన్ అడగాలి, అదీ పెట్టాను.

ఇంకొకటి, లాగౌట్‌లో అనలిటిక్స్ రీసెట్ (పాత యూజర్ గుర్తింపుని చెరిపేసే ఫంక్షన్) పిలవడం మర్చిపోకండి. అది పిలవకపోవడంతో, ఒకే ఫోన్‌లో నేనూ అక్కా లాగిన్ అయితే తన ఆర్డర్లన్నీ నా ప్రొఫైల్‌లోకి వచ్చాయి.