ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు సైట్లు: ఒకదాంట్లో లాగిన్ అయితే ఇంకోదాంట్లో పేరు కనిపిస్తోంది

తణుకు_వెబ్‌పని:

అందరికీ నమస్కారం. నేను తణుకులో ఇంటి నుంచే చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటాను. ఇప్పుడు చేతిలో మూడు పనులున్నాయి. ఒకటి పచ్చళ్ల దుకాణం, వర్డ్‌ప్రెస్‌లో వూకామర్స్ పెట్టి చేస్తున్నాను. రెండోది ఫంక్షన్ హాల్, ఏ ముహూర్తానికి హాల్ ఖాళీగా ఉందో చూసి అడ్వాన్స్ కట్టే సైట్. మూడోది కోచింగ్ సెంటర్, పిల్లలు లాగిన్ అయి మార్కులు చూసుకోవడానికి. హాల్, కోచింగ్ రెండూ మామూలు పీహెచ్‌పీలో నేనే రాశాను. లాగిన్ కోడ్ మొదట కోచింగ్‌కి రాసి, అదే హాల్‌కి కాపీ చేసుకున్నాను.

ల్యాప్‌టాప్ విండోస్ 10, ర్యామ్ 8 జీబీ. జాంప్ (ల్యాప్‌టాప్‌నే సర్వర్‌లా వాడుకోవడానికి కావాల్సినవి కలిపి ఇచ్చే సాఫ్ట్‌వేర్) వేసుకుని, హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో మూడు ఫోల్డర్లు పెట్టి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (అంటే ఈ ల్యాప్‌టాపే) పక్కన ఫోల్డర్ పేరు కొట్టి చూసుకుంటున్నాను. మొదటి నుంచీ ఒక ఇబ్బంది ఉంది. కోడ్‌లో బొమ్మల దారి స్లాష్‌తో మొదలుపెడితే ఇక్కడ కనిపించవు, తీసేస్తే అసలు సర్వర్‌లో పెట్టాక లోపలి పేజీల్లో కనిపించవు. అప్‌లోడ్ చేసే ముందు ప్రతిసారీ మార్చుకుంటూ వస్తున్నాను.

మొన్న శనివారం హాల్ యజమాని పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఇంటికి వచ్చారు. ఆయన ముందు హాల్ సైట్ తెరిస్తే పైన ‘నమస్తే’ పక్కన కోచింగ్ సెంటర్‌లో నేను టెస్ట్ కోసం పెట్టుకున్న విద్యార్థి పేరు వచ్చింది. ఆయన కోప్పడలేదు. ‘మా బుకింగులు కూడా ఇలాగే వేరేవాళ్లకు కనపడతాయా అమ్మా?’ అని మాత్రం అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత హాల్‌కి 8081, కోచింగ్‌కి 8082 అని పోర్టులు (ఒకే మెషీన్‌లో వేర్వేరు తలుపుల్లాంటి నంబర్లు) విడివిడిగా ఇచ్చాను. బొమ్మల గొడవ తీరింది. లాగిన్ మాత్రం ఇంకా కలిసిపోతూనే ఉంది. ఒకదాంట్లో లాగౌట్ నొక్కితే రెండోదాంట్లోనూ బయటికి వచ్చేస్తున్నాను. పోర్టు వేరైతే సైట్ వేరే కదా? నేను ఎక్కడ పొరబడ్డానో చెప్పండి. అసలు సర్వర్‌లో పెట్టాక కూడా ఇలాగే అవుతుందా అన్నదే నా టెన్షన్.

కోడ్_కుర్రాడు:

రెండు సైట్లలోనూ సెషన్ స్టార్ట్ అనే లైన్ కంటే ముందు సెషన్ నేమ్ లైన్ పెట్టి, ఒకదానికి హాల్ అని, ఇంకోదానికి కోచింగ్ అని పేరు ఇవ్వండి అక్కా. ఇప్పుడు రెండూ పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే ఒకే కుకీ (లాగిన్ అయినవాళ్లను గుర్తుపట్టడానికి బ్రౌజర్ దాచుకునే చిన్న చీటీ) పేరు వాడుతున్నాయి. పేర్లు మారిస్తే ఈ పూటకి లాగిన్లు విడిపోతాయి.

హనుమకొండ_ల్యాబ్:

పై తమ్ముడు చెప్పింది పనిచేస్తుంది. రేపే ఎవరికైనా చూపించాలంటే అది చేయండి. కానీ మీరు ఇదే పని మీద బతుకుతున్నారు కాబట్టి, అసలు కారణం కూడా తెలిసి ఉండాలి. నేను చాలా ఏళ్లు కాలేజీ ల్యాబుల్లో సర్వర్లు చూశాను. ఇదే ఇబ్బందితో నా దగ్గరికి వచ్చిన పిల్లలు ఎందరో.

ముందు మీ టెన్షన్ సంగతి. అసలు సర్వర్‌లో హాల్‌కి ఒక డొమైన్, కోచింగ్‌కి ఇంకో డొమైన్ ఉంటాయి. ఒక డొమైన్ పెట్టిన కుకీని బ్రౌజర్ ఇంకో డొమైన్‌కి పంపదు. అక్కడ ఈ కలగాపులగం జరగదు. హాల్ యజమానికి ఆ మాట ధైర్యంగా చెప్పండి.

ఇక పోర్టు. కుకీకి పోర్టుతో సంబంధం లేదు. లోకల్‌హోస్ట్ 8081 పెట్టిన కుకీని బ్రౌజర్ లోకల్‌హోస్ట్ 8082కి కూడా పంపుతుంది. ఇది బ్రౌజర్‌లో లోపం కాదు, 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6265 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే కుకీలు పోర్టును బట్టి విడిపోవని రాసి ఉంది. సైట్లు బ్రౌజర్‌లో డేటా దాచుకునే ఇంకో చోటైన లోకల్ స్టోరేజ్ మాత్రం పోర్టును కూడా చూస్తుంది, అందుకే చాలామంది కుకీ కూడా అంతే అనుకుంటారు. దీనికి తోడు మీ జాంప్‌లో సెషన్ ఫైళ్లన్నీ (ఎవరు లాగిన్ అయ్యారో సర్వర్ రాసుకునేవి) టెంప్ అనే ఒకే ఫోల్డర్‌లో పడతాయి. కుకీ ఒకటే, ఫైల్ ఒకటే, మీరు కాపీ చేసిన కోడ్‌లో పేరు దాచే చోటూ ఒకటే. కోచింగ్ సైట్ రాసిపెట్టిన పేరునే హాల్ సైట్ చదివి చూపించింది. ఒకే ఇంట్లో మూడు కాపురాలు పెట్టి ఒకే బీరువా ఇచ్చినట్టయింది.

కాబట్టి మూడింటికీ మూడు పేర్లు ఇవ్వండి. ఒకే అపాచీ (జాంప్‌లో పేజీలు పంపే సర్వర్), ఒకే 80 పోర్టు, పేర్లు మాత్రం వేరు. బ్రౌజర్ పేజీ అడిగినప్పుడల్లా ‘నాకు ఫలానా పేరు గల సైట్ కావాలి’ అని హోస్ట్ అనే లైన్ ఒకటి పంపుతుంది. 1997లో హెచ్‌టీటీపీ 1.1తో ఆ లైన్ తప్పనిసరి అయింది. అపాచీ దాన్ని చూసి ఏ ఫోల్డర్ తెరవాలో తేల్చుకుంటుంది. దీన్నే వర్చువల్ హోస్ట్ అంటాం.

పేర్లు పచ్చళ్లు.టెస్ట్, హాల్.టెస్ట్, కోచింగ్.టెస్ట్ అనుకుందాం. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. చివర టెస్ట్ అనే ఎందుకంటే, ఆ ముగింపును ఇలాంటి పనుల కోసమే 1999లో పక్కన పెట్టేశారు, ఎవరికీ అమ్మరు. పాత వ్యాసాల్లో డెవ్ అని పెట్టమని ఉంటుంది, పెట్టకండి. డెవ్ ఇప్పుడు గూగుల్ చేతిలో ఉన్న నిజమైన ముగింపు. 2017 డిసెంబరులో క్రోమ్ 63 వచ్చినప్పటి నుంచి ఆ పేర్లన్నిటినీ బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్‌కే మళ్లిస్తుంది. మా ల్యాబ్‌లో నలభై సిస్టమ్‌లలో అప్పుడు అన్ని ప్రాజెక్టులూ తెరుచుకోవడం మానేశాయి, రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ మార్చాం. లోకల్ అనే ముగింపు కూడా వద్దు, దాన్ని ఇంట్లోని ప్రింటర్ల వంటివి ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి వాడుకుంటాయి.

ఇప్పుడు పని. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లోకి వెళ్తే ఏ పేరు ఏ ఐపీ చిరునామాకి వెళ్లాలో రాసే హోస్ట్స్ అనే ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అందులోంచి ఈ ఫైల్ ఓపెన్ చేయండి. లేకపోతే సేవ్ కాదు. కింద 127.0.0.1 (అంటే ఈ ల్యాప్‌టాపే) అని కొట్టి, ఖాళీ వదిలి, హాల్.టెస్ట్ అని రాయండి. మిగతా రెండింటికీ అలాగే చెరో లైన్. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. సేవ్ యాజ్ కొడితే నోట్‌ప్యాడ్ చివర టీఎక్స్‌టీ తగిలించి పక్కన ఇంకో ఫైల్ చేస్తుంది. పాత హోస్ట్స్ ఫైల్ అలాగే ఉంటుంది, మీరేమో అపాచీలో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. ఫోల్డర్‌లో ఫైల్ పేరు చివర ఏముందో తప్పకుండా చూడండి. ఈ ఫైల్‌లో నక్షత్రం గుర్తు పనిచేయదు, ప్రతి పేరూ విడిగా రాయాల్సిందే.

తర్వాత జాంప్ ఫోల్డర్‌లో అపాచీ, కాన్ఫ్, ఎక్స్‌ట్రా లోపల హెచ్‌టీటీపీడీ-వీహోస్ట్స్ అనే ఫైల్. అందులో ఒక్కో సైట్‌కి ఒక్కో వర్చువల్ హోస్ట్ బ్లాక్ రాయాలి. సర్వర్ నేమ్ దగ్గర హాల్.టెస్ట్, డాక్యుమెంట్ రూట్ దగ్గర హాల్ ఫోల్డర్ దారి. దారిలో ఖాళీలుంటే కోట్స్‌లో పెట్టండి. సైట్లు హెచ్‌టీడాక్స్‌లోనే ఉంటే ఇది చాలు. డీ డ్రైవ్‌లోకి మారిస్తే మాత్రం డైరెక్టరీ బ్లాక్ కూడా రాసి, అందులో రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ ఇవ్వాలి, లేకపోతే 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది. పాత వ్యాసాల్లో దీని బదులు అలౌ ఫ్రమ్ ఆల్ అని ఉంటుంది, అది అపాచీ 2.4కి ముందు పద్ధతి. వర్డ్‌ప్రెస్ లింకులు పనిచేయాలంటే అదే బ్లాక్‌లో అలౌ ఓవర్‌రైడ్ ఆల్ కూడా ఉండాలి.

అపాచీ ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. స్టార్ట్ కాకపోతే కమాండ్ విండోలో అపాచీ బిన్ ఫోల్డర్‌కి వెళ్లి హెచ్‌టీటీపీడీ అని కొట్టి, పక్కన మైనస్, పెద్ద ఎస్ ఇవ్వండి. ఏ పేరు ఏ బ్లాక్‌కి వెళ్తోందో, తప్పుంటే ఏ లైన్‌లో ఉందో చెబుతుంది.

తణుకు_వెబ్‌పని:

సార్, నిన్న రాత్రి కూర్చుని చేశాను. హాల్, కోచింగ్ రెండూ వాటి పేర్లతో తెరుచుకున్నాయి. రెంటిలోనూ ఒకేసారి లాగిన్ అయి చూశాను, ఎవరి పేరు వాళ్లకే వస్తోంది! బొమ్మలు కూడా స్లాష్‌తోనే వస్తున్నాయి, ఇక మార్చుకునే పని లేదు.

రెండు ఇబ్బందులు మిగిలాయి. లోకల్‌హోస్ట్ అని కొడితే జాంప్ పేజీ బదులు పచ్చళ్ల ఫోల్డర్ తెరుచుకుంటోంది, పీహెచ్‌పీ మైఅడ్మిన్ (డేటాబేస్ చూసుకునే పేజీ) లింకు వెతుక్కోవాల్సి వస్తోంది. ఇక పచ్చళ్లు.టెస్ట్ కొడితే పేజీ ఒక్క క్షణం వచ్చి, మళ్లీ లోకల్‌హోస్ట్, స్లాష్, పచ్చళ్లు అనే పాత చిరునామాకే వెళ్లిపోతోంది.

హనుమకొండ_ల్యాబ్:

మొదటిది తేలిక. వచ్చిన పేరుకి ఏ బ్లాకూ సరిపోకపోతే అపాచీ ఫైల్‌లో అన్నిటికంటే పైనున్న బ్లాక్‌ని తీసుకుంటుంది. మీరు పచ్చళ్లు పైన రాసి ఉంటారు. దానికంటే పైన సర్వర్ నేమ్ లోకల్‌హోస్ట్ అని, డాక్యుమెంట్ రూట్ హెచ్‌టీడాక్స్ అని ఇంకో బ్లాక్ పెట్టండి.

రెండోది వర్డ్‌ప్రెస్ పద్ధతి. అది తన చిరునామాను డేటాబేస్‌లో, ఆప్షన్స్ టేబుల్‌లో సైట్‌యూఆర్‌ఎల్, హోమ్ అని రెండు చోట్ల రాసి పెట్టుకుంటుంది. ఆ రెండూ మార్చితే సైట్ తెరుచుకుంటుంది, కానీ పోస్టుల్లోని బొమ్మలకు, థీమ్ సెట్టింగులకు పాత చిరునామా మిగిలిపోతుంది. అప్పుడు పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో రీప్లేస్ కొట్టాలనిపిస్తుంది. దయచేసి కొట్టకండి. సెట్టింగులు చాలావరకు సీరియలైజ్ అయి ఉంటాయి, అంటే ప్రతి మాట పక్కన దాని పొడవు బైట్లలో రాసి ఉంటుంది. మాట మారి అంకె మారకపోతే ఆ సెట్టింగ్ మొత్తం చదవడానికి పనికిరాదు. చేత్తో లెక్కపెట్టి సరిచేద్దామన్నా తెలుగులో కష్టం. ‘పచ్చడి’ కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు గుర్తులు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. డబ్ల్యూపీ-సీఎల్ఐ (వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే సాధనం) వేసుకుని దాని సెర్చ్-రీప్లేస్ కమాండ్ వాడండి, పొడవులు అదే సరిచేస్తుంది. ముందు డ్రై-రన్ ఇచ్చి ఎన్ని చోట్ల మారుతుందో చూసుకోండి. డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టాకే ఇవన్నీ.

మియాపూర్_డెవ్:

ఒక మాట కలుపుతాను. మీ కస్టమర్లు ఫోన్‌లోనే చూస్తారు కదండీ, కానీ ఫోన్‌లో హోస్ట్స్ ఫైల్ మార్చుకోలేం. ల్యాప్‌టాప్ ఐపీ 192.168.1.5 అనుకోండి, ఫోన్ బ్రౌజర్‌లో హాల్.192.168.1.5.నిప్.ఐఓ అని కొడితే ఆ పేరు నేరుగా మీ ల్యాప్‌టాప్‌కే వస్తుంది (నిప్.ఐఓ అనేది పేరులో ఉన్న ఐపీకే దారి చూపే సేవ). హాల్ బ్లాక్‌లో సర్వర్ అలియాస్ అని ఆ పేరు కూడా కలపండి, విండోస్ ఫైర్‌వాల్‌లో ప్రైవేట్ నెట్‌వర్క్‌కి అపాచీని అనుమతించండి. రెండూ ఒకే వైఫై మీద ఉండాలి, ఇంటర్నెట్ కూడా ఉండాలి. కొన్ని రూటర్లు ఇలాంటి పేర్లను ఆపేస్తాయి, అప్పుడు వేరే దారి చూడాలి. పచ్చళ్ల సైట్‌కి మాత్రం ఇది నేరుగా కుదరదు, వర్డ్‌ప్రెస్ మళ్లీ తన చిరునామాకే లాగుతుంది.

డాకర్ (ఒక్కో సైట్‌ని విడి డబ్బాలో పెట్టినట్టు నడిపే సాఫ్ట్‌వేర్) వాడమని కూడా ఎవరైనా చెబుతారు. మంచిదే, కానీ 8 జీబీ ర్యామ్‌లో క్రోమ్, ఎడిటర్, డాకర్ కలిపి నడిపితే ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంది. మూడు పీహెచ్‌పీ సైట్లకి మీకిప్పుడున్నది చాలు.

తణుకు_వెబ్‌పని:

లోకల్‌హోస్ట్ బ్లాక్ పైకి తెచ్చాను, జాంప్ పేజీ వచ్చింది. సెర్చ్-రీప్లేస్ డ్రై-రన్‌లో 214 చోట్ల అని చూపించింది, అది చూశాక చేత్తో చేయనందుకు ఊపిరి పీల్చుకున్నాను. పచ్చళ్ల సైట్ ఇప్పుడు తన పేరుతోనే నిలబడింది. ఫోన్‌లో హాల్ సైట్ కూడా వచ్చింది, తేదీల పట్టిక ఫోన్ తెరలో సగం బయటికి పోతోందని అప్పుడే తెలిసింది, అది సరిచేస్తున్నాను.

హాల్ యజమానికి ఫోన్ చేసి ఆ రోజు పేరు ఎందుకు వచ్చిందో వివరంగా చెప్పాను. ఆదివారం మళ్లీ వస్తానన్నారు. ఈసారి రెండు సైట్లలోనూ లాగిన్ అయి, పక్కపక్కనే తెరిచి చూపిస్తాను.